అప్‌గ్రేడ్ తర్వాత కంటైనర్ లేవట్లేదా? ముందు ఓనర్ వాటా వైపు చూడండి

అమ్మ ఫోన్ చేసి "ఒరేయ్, ఆ ఫోటోల యాప్ తెరుచుకోవట్లేదురా, గుండ్రంగా తిరుగుతూనే ఉంది" అన్నప్పుడు నాకు పెద్దగా భయం వేయలేదు. వైఫై అయ్యుంటుందిలే అనుకున్నా. భయం వేసింది ఆ తర్వాతి మాటకి. "నువ్వే కదా బ్యాకప్ అయిపోయింది, ఫోన్లో డిలీట్ చేసేయ్ అన్నావు. అన్నప్రాసన ఫోటోలన్నీ మొన్ననే తీసేశా."

మా అక్క కూతురి అన్నప్రాసన. నాలుగు వందల పైచిలుకు ఫోటోలు, వీడియోలు. వాటి ఏకైక ఠికానా నా గదిలో రౌటర్ పక్కన ఉన్న మినీ పీసీ. అందులో ఒక లినక్స్ కంటైనర్. ఆ కంటైనర్‌ని ముందు రోజు రాత్రి, అంటే శనివారం, డెబియన్ 12 నుంచి డెబియన్ 13కి నేనే అప్‌గ్రేడ్ చేశాను. అప్‌గ్రేడ్ ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయింది, రీబూట్ కొట్టి పడుకున్నా. లేచిందో లేదో చూడలేదు. ఇది మొదటి తప్పు, ఇందులో ఎవరి ప్రమేయం లేదు, పూర్తిగా నాదే.

ఈ సైట్‌లో మనం ఎక్కువగా ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి మాట్లాడుకుంటాం. కానీ పాత ల్యాప్‌టాప్‌నో, సెకండ్ హ్యాండ్ మినీ పీసీనో హోమ్ సర్వర్‌గా మార్చడం గురించి రాసిన ప్రతిసారీ మీలో చాలామంది ఉత్సాహం చూపించారు. అందుకే ఇది రాస్తున్నా. ఇందులో ఫిక్స్ ఉంది. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఫిక్స్ దొరకకముందు నేను చేసిన పని గురించి, ఇంటర్నెట్‌లో ఇలాంటి సమస్యకి దొరికే సలహాల గురించి.

ముందు ఏమైందో చెప్తా.

ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీలో చూస్తే కంటైనర్ "రన్నింగ్" అనే ఉంది, పచ్చ గుర్తుతో సహా. కన్సోల్ తెరిస్తే నల్లటి స్క్రీన్. ఎంటర్ కొట్టినా లాగిన్ అడగదు. పింగ్ చేస్తే జవాబు లేదు. ఎస్ఎస్‌హెచ్ లేదు. బతికే ఉంది, పలకట్లేదు.

ఇక్కడ చాలామంది కంటైనర్ పోయిందనుకుని చేతులెత్తేస్తారు. నిజానికి కన్సోల్ అనేది కంటైనర్ లోపల గెట్టి అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచే తలుపు మాత్రమే. లోపల ఆ ప్రోగ్రామ్ లేవకపోతే తలుపు తెరుచుకోదు. కానీ హోస్ట్ మెషిన్‌కి వేరే దారి ఉంది. ప్రాక్స్‌మాక్స్‌లో పీసీటీ ఎంటర్, మామూలు ఎల్ఎక్స్‌సిలో అటాచ్ కమాండ్. అవి గెట్టిని అడగవు, లాగిన్ పాస్‌వర్డ్ అడగవు, నేరుగా కంటైనర్ నేమ్‌స్పేస్‌లోకి దూరిపోతాయి. అలా లోపలికి వెళ్ళి, ఫెయిల్ అయిన సర్వీసుల జాబితా అడిగితే ఎర్రగా ఒక వరుస వచ్చింది. నెట్‌వర్క్‌డి లేదు. కన్సోల్ గెట్టి లేదు. టెంప్‌ఫైల్స్ లేదు. అన్నిటికంటే ఘోరం, జర్నల్‌డి లేదు. అంటే ఏం జరిగిందో రాసిపెట్టాల్సిన గుమాస్తానే పడిపోయాడు. లాగ్ చూద్దామంటే లాగ్ లేదు.

ప్రతి సర్వీస్ పక్కనా ఒకటే కోడ్: 243, క్రెడెన్షియల్స్.

అర్ధరాత్రి ఒంటిగంటకి "క్రెడెన్షియల్స్" అనే మాట చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పాస్‌వర్డ్ సమస్య అనిపిస్తుంది. నాకూ అదే అనిపించి ఒక అరగంట యూజర్ ఖాతాల చుట్టూ తిరిగాను. అక్కడేం లేదు.

అసలు ఆ కోడ్ ఏంటంటే: సిస్టమ్‌డి తన సర్వీసులకి రహస్యాలు, కీలు, చిన్న చిన్న సెట్టింగులు అందించడానికి క్రెడెన్షియల్స్ అనే పద్ధతి పెట్టుకుంది. ప్రతి సర్వీస్‌కీ మెమరీలో ఒక చిన్న ప్రైవేట్ ఫైల్‌సిస్టమ్ సృష్టించి, దాన్ని ఆ సర్వీస్‌కి మాత్రమే కనబడేలా మౌంట్ చేస్తుంది. ఐడియా మంచిదే. డెబియన్ 12లో ఉన్నది సిస్టమ్‌డి 252. డెబియన్ 13లో 257. ఈ రెండిటి మధ్య, సిస్టమ్‌డి సొంత సర్వీసుల్లోనే చాలావాటికి ఈ క్రెడెన్షియల్స్ తెచ్చుకునే లైన్ చేరింది. దాంతో ఆ సర్వీసులు లేవాలంటే ముందు ఒక మౌంట్ జరగాలి. నా కంటైనర్‌కి మౌంట్ చేసే అనుమతి లేదు.

అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? కంటైనర్ లోపల ఎవరూ కాదు. హోస్ట్.

మన ఊళ్ళల్లో పోర్షన్ అద్దెకి తీసుకోవడం తెలుసు కదా. తలుపు వేరు, వంటగది వేరు, కరెంటు మీటర్ కూడా వేరు ఉండొచ్చు. కానీ సంపు ఒకటే, మోటార్ ఒకటే, ఆ మోటార్ స్విచ్ ఓనర్ వాటాలో ఉంటుంది. కంటైనర్ అంటే పోర్షన్. దానికి సొంత కెర్నల్ లేదు, హోస్ట్ కెర్నలే దానికీ కెర్నల్. వర్చువల్ మెషిన్ అయితే సొంత బోరు వేసుకున్న ఇల్లు, ఖర్చు ఎక్కువ, గొడవ తక్కువ. పోర్షన్‌లో ఉన్నవాడు లోపల ఎంత ఖరీదైన షవర్ బిగించుకున్నా, ఓనర్ మోటార్ వేయకపోతే చుక్క నీళ్ళు రావు. నేను చేసిన అప్‌గ్రేడ్ అదే. లోపల షవర్ మార్చాను. ఓనర్ వైపు ఏమీ అడగలేదు.

ఇదంతా ఇప్పుడు ఇంత చక్కగా చెప్తున్నా. ఆ రాత్రి నాకు ఇది తెలియదు.

ఆ రాత్రి నేను చేసింది మనందరం చేసేదే. ఎర్రర్ కాపీ చేసి వెతికాను. రకరకాల సమాధానాల మధ్య పదే పదే కనబడ్డ సలహా ఒకటుంది: "కంటైనర్‌ని ప్రివిలేజ్డ్ చేసెయ్, అన్నీ పనిచేస్తాయి." ఇంకొకటి: "ఆప్‌ఆర్మర్‌ని అన్‌కన్‌ఫైన్డ్ పెట్టెయ్." నేను మొదటిది చేశాను. కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్క అంకె మార్చాలి, అంతే. అమ్మ మాట చెవిలో తిరుగుతోంది, ఇంకేం ఆలోచించలేదు.

ఆ మందు జబ్బుని తగ్గించలేదు. 243 అలాగే ఉంది. పైగా కొత్త జబ్బు వచ్చింది.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ భాగం ఎవరూ చెప్పరు. అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో లోపలి రూట్ యూజర్ నిజమైన రూట్ కాదు. లోపల నంబర్ 0, బయట హోస్ట్ దృష్టిలో 100000. లోపల 1000 అయితే బయట 101000. కాబట్టి కంటైనర్‌లోంచి ఎవడైనా తప్పించుకుని బయటికి దూకినా, వాడి చేతిలో ఉండేది 100000 అనే ఊరూ పేరూ లేని గుర్తింపు కార్డు. ప్రివిలేజ్డ్ చేస్తే లోపలి 0 బయట కూడా 0. వాడే హోస్ట్‌కి రూట్. ఇంటి బయటి నుంచి ఫోన్లు కనెక్ట్ అయ్యే ఫోటోల సర్వర్‌ని అలా నడపడం అంటే పోర్షన్ వాళ్ళ చేతికి ఓనర్ బీరువా తాళం కూడా ఇవ్వడమే.

భద్రత సంగతి పక్కన పెట్టండి, వెంటనే పడిన దెబ్బ వేరే ఉంది. డిస్క్ మీద ఫైళ్ళన్నీ 100000, 100033, 100100 లాంటి నంబర్ల పేరు మీద ఉన్నాయి. మ్యాపింగ్ తీసేసేసరికి కంటైనర్ లోపల ఆ నంబర్లకి అర్థం లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన డేటా ఫోల్డర్ తన సొంత యూజర్ పేరు మీద లేకపోతే లేవనే లేవదు. లేవలేదు. అంటే ఇంతకుముందు నెట్‌వర్క్ ఒక్కటే లేని ఫోటో సర్వర్‌కి ఇప్పుడు డేటాబేస్ కూడా లేదు. అక్కడ నేను "అన్నిటికీ ఓనర్‌షిప్ మార్చేస్తే పోలా" అనుకుని కమాండ్ టైప్ చేశాను కూడా. ఎంటర్ కొట్టలేదు. ఎందుకు ఆగానో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఫోన్ మోగింది. అక్క. "అమ్మ కంగారు పడుతోంది, ఫోటోలు పోయాయా?" అని. పోలేదు అన్నాను. అన్నాక, నిజంగా పోలేదా అని చూడటానికి ముందు డిస్క్ తెరిచాను.

ఫోటోలు ఉన్నాయి. అవి కంటైనర్ లోపల లేవు. వేరే డిస్క్ మీద ఉండి, లోపలికి ఫోల్డర్‌గా కనబడేలా పెట్టినవి. నాలుగు వందల పైచిలుకు ఫైళ్ళూ అక్కడే ఉన్నాయి. హోస్ట్ నుంచే ఒక పెన్‌డ్రైవ్‌కి కాపీ చేశాను. ఆ కాపీ అయ్యాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కంటైనర్ రిపేర్ అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. కంటైనర్ సంగతి తర్వాత, డేటాని హోస్ట్ వైపు నుంచి బయటికి తియ్యి. కంటైనర్ లేవాల్సిన అవసరం లేదు దానికి. దాని ఫైళ్ళు మామూలు ఫైళ్ళే.

ఆ తర్వాత ఒక చిన్న పని చేశాను, అది మొదటే చేయాల్సింది. వెబ్ పేజీలోంచి ఒక కొత్త డెబియన్ 13 కంటైనర్ సృష్టించాను. రెండు నిమిషాల పని. అది చక్కగా లేచింది. కన్సోల్ వచ్చింది, ఐపీ వచ్చింది, ఫెయిల్ అయిన సర్వీస్ ఒక్కటీ లేదు. అదే హోస్ట్, అదే కెర్నల్, అదే సిస్టమ్‌డి 257. మరి తేడా ఎక్కడ? రెండు కాన్ఫిగ్ ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. నేను తిప్పిన ప్రివిలేజ్డ్ అంకె కాకుండా ఇంకొక్క లైన్ తేడా. కొత్తదాంట్లో "ఫీచర్స్: నెస్టింగ్ 1" అని ఉంది. పాతదాంట్లో లేదు. వెబ్ పేజీలోంచి అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్ సృష్టిస్తే ఆ టిక్ మామూలుగానే పెట్టి ఉంటుంది. నా పాత కంటైనర్‌ని ఎప్పుడో కమాండ్ లైన్ నుంచి పుట్టించాను. అక్కడ మనం అడిగితేనే వస్తుంది. నేను అడగలేదు.

హోస్ట్ కెర్నల్ లాగ్‌లో చూస్తే సాక్ష్యం కూడా దొరికింది. ఆప్‌ఆర్మర్, ఆపరేషన్ మౌంట్, డినైడ్. వరుసగా ఎన్నో లైన్లు. కంటైనర్ లోపల జర్నల్‌డి పడిపోయినా, ఓనర్ వాటాలో ఉన్న పుస్తకంలో అంతా రాసే ఉంది. నేను లోపలే వెతుకుతూ కూర్చున్నాను.

ప్రివిలేజ్డ్‌ని వెనక్కి మార్చి, నెస్టింగ్ 1 పెట్టి స్టార్ట్ చేశాను. కన్సోల్ వచ్చింది. నెట్‌వర్క్ వచ్చింది. పోస్ట్‌గ్రెస్ లేచింది. కానీ కొన్ని ఫోల్డర్ల మీద యజమాని "నోబడీ" అని చూపిస్తోంది. ప్రివిలేజ్డ్‌గా నడిచిన ఆ కాసేపట్లో బూట్ అవుతూ సృష్టించిన ఫైళ్ళు నిజమైన 0 పేరు మీద పుట్టాయి. మ్యాపింగ్ తిరిగి వచ్చాక లోపలివాళ్ళకి ఆ 0 ఎవరో తెలియదు, అందుకే నోబడీ. కంటైనర్ ఆపి, హోస్ట్ నుంచి దాని డిస్క్‌లో 0 పేరు మీద ఉన్నవాటిని మాత్రమే వెతికి 100000కి మార్చాను. పదిహేనో ఇరవయ్యో ఫైళ్ళు. ఆ "అన్నీ మార్చెయ్" కమాండ్‌కి ఎంటర్ కొట్టి ఉంటే, ఏది ఎవరిదో చెప్పే సమాచారమే పోయేది. అప్పుడు బ్యాకప్ ఒక్కటే గతి. నా ఆఖరి బ్యాకప్ ఎనిమిది రోజుల పాతది, అన్నప్రాసన ముందుది.

అసలు ఫిక్స్‌కి పట్టింది ఒక నిమిషం. నేను చేసిన "ఫిక్స్"ని ఫిక్స్ చేయడానికి తెల్లారింది.

నెస్టింగ్ ఊరికే వస్తుందా?

రాదు. పేరు చూసి "కంటైనర్‌లో కంటైనర్ నడపడానికి కదా, నాకెందుకు" అనుకుంటారు. పేరు అలా పెట్టారు కానీ అది చేసేది వేరే. కంటైనర్ లోపల మౌంట్లు చేసుకోవడానికి ఆప్‌ఆర్మర్ నియమాలు సడలిస్తుంది, హోస్ట్ ప్రాక్‌ఎఫ్ఎస్, సిస్‌ఎఫ్ఎస్ వివరాలు కంటైనర్‌కి అందేలా చేస్తుంది. ప్రాక్స్‌మాక్స్ డాక్యుమెంటేషన్‌లోనే దీన్ని అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్లతో వాడటమే మేలని ఉంటుంది. నంబర్ల మ్యాపింగ్ ఉన్నంతకాలం ఈ సడలింపు నాకు ఒప్పుకోదగ్గదే. నెస్టింగ్‌తో పాటు ప్రివిలేజ్డ్ కూడా పెడితే మాత్రం రెండు గోడలూ కూలగొట్టినట్టు. ఇన్‌కస్, ఎల్ఎక్స్‌డి వాడేవాళ్ళకి ఇదే సెట్టింగ్ సెక్యూరిటీ నెస్టింగ్ అనే పేరుతో ఉంటుంది.

నెస్టింగ్ వద్దనుకుంటే, ఒక్కో సర్వీస్‌కీ ఓవర్‌రైడ్ ఫైల్ రాసి ఆ క్రెడెన్షియల్ లైన్ ఖాళీ చేయొచ్చు. చేసేవాళ్ళున్నారు. నాకు నచ్చదు. తర్వాతి వెర్షన్‌లో ఇంకో సర్వీస్‌కి ఆ లైన్ చేరితే మళ్ళీ అర్ధరాత్రి కూర్చోవాలి.

ఒక కొసరు కూడా వచ్చింది. డెబియన్ 13లో టెంప్ ఫోల్డర్ డిస్క్ మీద కాకుండా మెమరీలో ఉంటుంది, అదే డిఫాల్ట్. నెస్టింగ్ లేనప్పుడు ఆ మౌంట్ కూడా జరగదు కాబట్టి తెలియలేదు. నెస్టింగ్ ఇచ్చాక అది కూడా జరిగింది, వీడియోల థంబ్‌నెయిల్స్ చేసేటప్పుడు వచ్చే తాత్కాలిక ఫైళ్ళన్నీ నేను కంటైనర్‌కి ఇచ్చిన 2 జీబీ మెమరీని తినడం మొదలుపెట్టాయి. ఆ టెంప్ మౌంట్ యూనిట్‌ని మాస్క్ చేసి రీబూట్ చేస్తే మళ్ళీ డిస్క్ మీదకి వచ్చేసింది. చిన్న విషయమే. కానీ కంటైనర్ లేచింది కదా అని లాప్‌టాప్ మూసేసి ఉంటే మూడో రోజు మళ్ళీ అమ్మ ఫోన్.

ఇప్పుడు తిట్టాల్సినవాళ్ళని తిడదాం

ఇలాంటి కథ చెప్పగానే మన స్నేహితుల్లో ఒకడు తప్పకుండా "సిస్టమ్‌డి అంటేనే అంత మామా, ఆల్పైన్ వేసుకో" అంటాడు. 2010లో మొదలైనప్పటి నుంచి సిస్టమ్‌డి మీద ఈ తిట్లు ఆగలేదు. డెబియన్ దాన్ని డిఫాల్ట్ చేసుకుందని అలిగి వెళ్ళినవాళ్ళు డెవువాన్ అనే వేరే డిస్ట్రోనే పెట్టుకున్నారు. నేను ఆల్పైన్ కూడా వాడతాను. దాని ఓపెన్‌ఆర్‌సి తేలికైనది, యాడ్ బ్లాకింగ్ డీఎన్‌ఎస్ లాంటి చిన్న పనికి అంతకంటే అక్కర్లేదు. కానీ పాడైన కంటైనర్‌కి మందుగా డిస్ట్రో మార్చమనడం, కుళాయి కారుతోందంటే ఇల్లు ఖాళీ చేయమన్నట్టు ఉంటుంది.

నా వరకు సిస్టమ్‌డి మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. నా కంటైనర్‌లో ఒక్క క్రెడెన్షియల్ కూడా లేదు. నేను ఎవరికీ ఏ రహస్యమూ అప్పజెప్పలేదు. లేనిదాన్ని పెట్టడానికి అర కట్టడం కుదరలేదని జర్నల్‌డి లాంటి ప్రాణాధారమైన సర్వీస్ మొత్తానికే పడిపోవాలా? "మౌంట్‌కి అనుమతి లేదు, మీ కంటైనర్ సెట్టింగ్ చూసుకోండి" అని ఒక వాక్యం చెప్పి ఉంటే నేను పాస్‌వర్డ్‌ల వెంట పడేవాణ్ణి కాదు. 243 అనేది వాళ్ళకి సమాధానం, నాకు పొడుపుకథ.

అయితే హెచ్చరిక అందలేదా అంటే, అందింది. రెండేళ్ళుగా ఆ కంటైనర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ చేసినప్పుడల్లా లాగిన్ అవడానికి 25 సెకన్లు పట్టేది. పాత మెషిన్ కదా అని సర్దుకున్నాను. ఆ 25 సెకన్లు డీబస్ టైమ్‌అవుట్. లాగిన్‌డి సర్వీస్ అప్పటికే లేవట్లేదు, 226, నేమ్‌స్పేస్ అనే కోడ్‌తో. అది కూడా మౌంట్ అనుమతి సమస్యే, అదే నెస్టింగ్ లేకపోవడమే. పాత సిస్టమ్‌డి ఒక సర్వీస్ పడిపోతే కుంటుతూ నడిచింది, కొత్తది కూర్చుండిపోయింది. మీ కంటైనర్‌లోకి లాగిన్ అవడానికి అలా కచ్చితంగా పాతిక సెకన్లు పడుతుంటే, ఈ రాత్రే ఫెయిల్ అయిన సర్వీసుల జాబితా చూడండి.

అన్ని కంటైనర్ చావులూ ఇదే రకం కాదు. రెండో పెద్ద రకం సీగ్రూప్‌లది. ప్రాసెస్‌లకి మెమరీ, సీపీయూ పంచే కెర్నల్ ఏర్పాటు ఇది. రెండు తరాలున్నాయి, రెండో తరం 2016లో కెర్నల్ 4.5తో అధికారికంగా వచ్చింది. 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డి 256, హోస్ట్ పాత తరం సీగ్రూప్‌ల మీద ఉంటే బూట్ అవడానికే ఒప్పుకోదు. ఒక బలవంతపు ఆప్షన్ ఇస్తే 30 సెకన్లు మొండికేసి నడిచేది. 2025లో వచ్చిన 258లో ఆ దారి కూడా మూసేశారు. నా ఫ్రెండ్ ఒకడు ఉబుంటు 20.04 హోస్ట్ మీద ఆర్చ్ కంటైనర్ పెట్టుకుని వారం వారం అప్‌డేట్ చేసేవాడు. ఉబుంటు 20.04 మామూలుగా పాత తరం సీగ్రూప్‌లతోనే లేస్తుంది. ఒక రోజు కంటైనర్ లేవడం మానేసింది. వాడికి నెస్టింగ్ ఇచ్చినా లాభం లేదు. హోస్ట్ బూట్ లైన్‌లో కొత్త సీగ్రూప్ హైరార్కీ ఆన్ చేసి రీబూట్ చేశాడు, అంతే.

దీనికి ఉల్టా కూడా ఉంది. హోస్ట్ కొత్తది, కంటైనర్ ముసలిది. సెంటాస్ 7లో ఉండేది సిస్టమ్‌డి 219, దానికి కొత్త తరం సీగ్రూప్ అంటే ఏంటో తెలియదు. కొత్త హోస్ట్ మీద దాన్ని లేపితే ఏపీఐ ఫైల్‌సిస్టమ్స్ మౌంట్ అవలేదని చెప్పి గడ్డకట్టిపోతుంది. దానికోసం హోస్ట్‌ని వెనక్కి తీసుకెళ్ళమని కొందరు సలహా ఇస్తారు. 2024 జూన్ 30తో సెంటాస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. దాని కోసం మిగతా అన్ని కంటైనర్లనీ పాత పద్ధతిలో ఉంచడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అంత తప్పనిసరైతే దాన్ని ఒక్కదాన్నే వర్చువల్ మెషిన్‌లోకి మార్చండి, సొంత బోరు వేసుకోనివ్వండి.

ఇక మన ఫోన్ల సంగతి. పాత ఫ్లాగ్‌షిప్‌ని సర్వర్ చేద్దామని అడిగేవాళ్ళు మీలో చాలామంది. ఉబుంటు టచ్ లాంటివి చాలా ఫోన్లలో ఆండ్రాయిడ్ తయారీదారు ఇచ్చిన కెర్నల్ మీదే నడుస్తాయి, హార్డ్‌వేర్ డ్రైవర్ల కోసం ఆండ్రాయిడ్ ముక్కని ఒక ఎల్ఎక్స్‌సి కంటైనర్‌లో పెట్టుకుంటాయి. ఇక్కడ ఓనర్ మారడు, మోటార్ మారదు. స్నాప్‌డ్రాగన్ 845 ఫోన్లు కెర్నల్ 4.9తో వచ్చాయి, 855 ఫోన్లు 4.14తో, 865 ఫోన్లు 4.19తో. సిస్టమ్‌డి 258కి కనీసం 5.4 కావాలి. అంటే 12 జీబీ ర్యామ్, ఇప్పటికీ దూసుకుపోయే ప్రాసెసర్ ఉన్న 865 ఫోన్ కూడా, తయారీదారు కెర్నల్ మీదే ఉంటే, కొత్త డిస్ట్రోలకి పనికిరాదు. మెయిన్‌లైన్ కెర్నల్ పోర్ట్ అయిన కొన్ని మోడళ్ళకి మాత్రం దారి ఉంది.

ఇది మాకే చెప్పుకోవాలి నిజానికి. రివ్యూల్లో మేం వేపర్ చాంబర్ సైజ్ దగ్గర నుంచి బాక్స్‌లో కేబుల్ రంగు దాకా రాస్తాం. కెర్నల్ వెర్షన్ రాయం. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్తే, పది సెకన్ల పని. ఐదేళ్ళ తర్వాత ఆ ఫోన్ డ్రాయర్‌లో పడుంటుందా, పనికొస్తుందా అనేది బెంచ్‌మార్క్ స్కోర్ కంటే ఆ అంకె మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇకనుంచి నేను రాసే రివ్యూల్లో అది ఉంటుంది. ఎడిటర్ గారు అడ్డు చెప్పకపోతే.

సోమవారం పొద్దున్న ఆరింటికి అమ్మకి మెసేజ్ పెట్టాను, వస్తున్నాయి చూడు అని. ఎనిమిదింటికి జవాబొచ్చింది, పాప నోట్లో పాయసం పెడుతున్న ఫోటో, కింద "దీన్ని ప్రింట్ తీయించు, నీ డబ్బాని నమ్మను" అని. తీయించాను. మ్యాట్ ఫినిష్, రెండు కాపీలు.

ఇంకో రెండు పాత కంటైనర్లు డెబియన్ 12లోనే ఉన్నాయి. వాటికి నెస్టింగ్ ముందే పెట్టేశాను, 25 సెకన్ల లాగిన్ ఇప్పుడు ఒక్క సెకను. అప్‌గ్రేడ్ వచ్చే వారం, స్నాప్‌షాట్ తీసుకుని, పగటిపూట.